బాపు గొంతుతో చదివితే చదువు వెనకబడుతుందా?

జగిత్యాల వైపు నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు ఇరవై తొమ్మిది. పెళ్లయింది, నాలుగేళ్ల పాప ఉంది. తెలుగు మీడియంలో గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నారు. పాపను అంగన్‌వాడీలో దింపి వచ్చాక మధ్యాహ్నం దాకా, మళ్లీ రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక చదువుకుంటారు. మనసులో చదువుతుంటే ఆమెకు లోపల ఒక గొంతు వినిపిస్తుంది. అది మూడేళ్ల కిందట గుండెపోటుతో పోయిన వాళ్ల బాపు, అంటే నాన్న, గొంతు.

ఆయన రోజూ పొద్దున అరుగు మీద కూర్చుని, చదువురాని నాయనమ్మకు పేపర్ పైకి చదివి వినిపించేవారట. పక్కనే కూర్చుని, ఆయన వేలు ఎక్కడుంటే అక్కడ చూస్తూ ఈమె చదవడం నేర్చుకున్నారు. "అయితే" అన్న మాట వచ్చినప్పుడల్లా ఆయన దాన్ని కొంచెం సాగదీసి, గొంతు సవరించుకుని ముందుకు పోయేవారు. ఇప్పుడు పాలిటీ పుస్తకంలో రాష్ట్రపతి పాలన గురించిన ఆర్టికల్ 356 చదువుతున్నా, అక్కడ "అయితే" అని వస్తే లోపల అలాగే సాగుతుందట.

ఇన్నాళ్లూ ఆమెకు దీంతో ఇబ్బంది లేదు. కోచింగ్‌లో చేరాక ఒక సార్, చదివేటప్పుడు లోపల గొంతు వినిపించేవాళ్లను చేతులెత్తమన్నారు. ఎత్తినవాళ్లతో "మీరంతా ఇంకా మూడో తరగతిలోనే ఉన్నారు, ఆ గొంతును చంపితే తప్ప నిమిషానికి ఆరు వందల పదాలు చదవలేరు" అన్నారు. చదువుతున్నంతసేపూ మనసులో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టుకోమన్నారు. చూయింగ్ గమ్ నమలమన్నారు. ఆమె రెండు నెలలు అలాగే చేశారు. పేజీలు గబగబా అయిపోతున్నాయి, పుస్తకం మూస్తే ఏమీ గుర్తుండడం లేదు. మాక్ టెస్టుల్లో మార్కులు తగ్గాయి. పక్కన కూర్చునే స్నేహితురాలేమో "నాకసలు ఏ గొంతూ వినిపించదే" అంది. అప్పటి నుంచి ఇంకో భయం పట్టుకుంది. బాబాయి కొడుకు డిగ్రీ చదివే రోజుల్లో ఎవరివో గొంతులు వినిపిస్తున్నాయంటే ఆసుపత్రిలో చేర్చారు. ఇంట్లో ఇప్పటికీ ఆ మాట ఎవరూ ఎత్తరు. "నాకూ అదే మొదలైందా? ఈ గొంతు ఆపకపోతే ఉద్యోగం రాదు. ఆపుతుంటే బాపును నేనే ఇంట్లోంచి పంపించేస్తున్నట్టు ఉంది. మా ఆయనకు ఒక రాత్రి చెబుదామని, చెప్పలేక తలనొప్పి అన్నాను" అని రాశారు.

అమ్మా, ముందుగా మీ భయం సంగతి చూద్దాం. అది పక్కన కూర్చుని ఉంటే మిగతా మాటలేవీ మీకు ఎక్కవు.

మీ ఉత్తరంలో ఒకచోట, మాటవరసకు రాసినట్టుగా ఒక వాక్యం ఉంది: "అత్తమ్మ వాట్సాప్‌లో మెసేజ్ పెడితే అది అత్తమ్మ గొంతులోనే చదువుకుంటాను." మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. అత్తమ్మ మెసేజ్‌లో అత్తమ్మ గొంతు, పాలిటీ పుస్తకంలో బాపు గొంతు, రెండూ ఒకే పని. కంటికి కనిపించిన అక్షరాన్ని మెదడు శబ్దంగా మార్చుకుంటుంది. ఆ శబ్దానికి తనకు బాగా తెలిసిన గొంతు తొడుగుతుంది. 2011లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో మనుషులు మౌనంగా చదువుతున్నప్పుడు మెదడును స్కాన్ చేసి చూశారు. కథలో ఒక పాత్ర నేరుగా మాట్లాడే వాక్యం వచ్చినప్పుడు, నిజంగా మనిషి గొంతు విన్నప్పుడు పనిచేసే భాగాలు ఎక్కువగా చురుకయ్యాయి. అదే ఏడాది ఇంగ్లండ్‌లో ఇంకో ప్రయోగం జరిగింది. ఉత్తరాది, దక్షిణాది యాసలవాళ్లకు చిన్న హాస్య పద్యాలు మౌనంగా చదవమని ఇచ్చి కళ్ల కదలికలు గమనించారు. చివరి ప్రాస ఎవరి యాసలో కుదరదో వాళ్ల చూపు అక్కడ తడబడింది. పెదవి కదపకుండా చదివినా యాస లోపల పలుకుతూనే ఉందన్నమాట. మీ లోపలి గొంతుకు జగిత్యాల యాస ఉండడంలో వింతేముంది?

ఇలా వినేవాళ్లు తక్కువమందేమీ కాదు. రువానీ విల్‌హావర్ అనే మనస్తత్వ పరిశోధకురాలు, చదివేటప్పుడు లోపల గొంతు వినిపిస్తుందా లేదా అన్న దాని మీద జనం తమంతట తాము రాసుకున్న మాటలను సేకరించి 2016లో ఒక పరిశోధన పత్రం వెలువరించారు. అందులో పదిమందిలో ఎనిమిది మందికి పైగా వినిపిస్తుందనే చెప్పారు. కొందరికి అది సొంత గొంతు, కొందరికి తెలిసినవాళ్లది. తమంతట తాము రాసినవాళ్ల లెక్క కాబట్టి మొత్తం జనాభాకు ఇదే అంకె అనలేం. కానీ మీరు ఒంటరి కాదని చెప్పడానికి ఇది చాలు. మీ స్నేహితురాలు చెప్పిందీ నిజమే అయి ఉండొచ్చు. లోపలి మాట దాదాపుగా లేనివాళ్లూ ఉన్నారు. 2024లో వచ్చిన ఒక అధ్యయనంలో, లోపలి మాట బాగా తక్కువ ఉన్నవాళ్లు పదాల వరుసను గుర్తుపెట్టుకోవడంలో, ప్రాస కుదిరిందో లేదో చెప్పడంలో కాస్త వెనకబడ్డారు. వేరే కొన్ని పనుల్లో ఏ తేడా లేదు. మీ స్నేహితురాలు మీకంటే తెలివైనదీ కాదు, తక్కువదీ కాదు. తల లోపలి ఏర్పాటు మనిషి మనిషికీ మారుతుంది, అంతే.

మరి మీ బాబాయి కొడుకు సంగతి? అతనికి వచ్చింది వేరు. జబ్బులో వినిపించే గొంతు పుస్తకం మూసినా ఆగదు. చాలాసార్లు బయటి నుంచి, గోడ అవతలి నుంచి వచ్చినట్టు ఉంటుంది. తిట్టొచ్చు, ఇది చెయ్ అది చెయ్ అని ఆజ్ఞాపించొచ్చు, మన గురించి ఎవరో మాట్లాడుకుంటున్నట్టు ఉండొచ్చు. దానితోపాటు నిద్ర పట్టకపోవచ్చు, అయినవాళ్ల మీద అనుమానం పెరగొచ్చు. మీ గొంతు పేజీలో ఉన్న మాట తప్ప ఇంకేదీ పలకదు. పుస్తకం మూస్తే ఆగిపోతుంది. అది మీ జ్ఞాపకమేనని మీకే తెలుసు. బాబాయి కొడుక్కి ఒక జబ్బు వచ్చినంత మాత్రాన మీకు వచ్చినట్టు కాదు. ఒకవేళ నేను పైన చెప్పిన లక్షణాల్లో ఏదైనా ఎప్పుడైనా కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడిని కలవండి. వెళ్లడానికి జంకుగా ఉంటే ముందు టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది, తెలుగులో మాట్లాడతారు. లక్షణాలు లేకపోయినా భయం ఒక్కటే నిద్ర పట్టనివ్వకపోతున్నా ఫోన్ చేయొచ్చు.

ఇక చదువు. ఇక్కడ నాకు నిజంగా బాధ కలిగింది. మీరు రెండు నెలల కష్టం పోసిన పద్ధతి మీ జ్ఞాపకానికే అడ్డుపడే పద్ధతి.

మన మెదడులో, విన్న మాటనో చదివిన మాటనో శబ్ద రూపంలో కొద్దిసేపు తిప్పుతూ పట్టుకునే ఏర్పాటు ఒకటి ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు అలన్ బ్యాడ్లీ, గ్రాహం హిచ్ 1974లో ప్రతిపాదించిన పని జ్ఞాపకం (చేస్తున్న పనికి కావల్సింది కాసేపు పట్టి ఉంచే జ్ఞాపకం) సిద్ధాంతంలో ఇది ఒక ముఖ్యమైన భాగం. అందులో పట్టేది ఇంచుమించు రెండు సెకన్ల మాట. ఫోన్ నంబర్ ఎవరైనా చెబితే రాసుకునేదాకా లోపల తిప్పుకుంటాం చూడండి, అదే ఇది. ఈ ఏర్పాటు పనిచేయకుండా ఆపి చూడాలనుకున్నప్పుడు మనస్తత్వ శాస్త్రవేత్తలు ల్యాబ్‌లో ఏం చేయిస్తారో తెలుసా? అంకెలో, ఏదో ఒక మాటో పదేపదే అనమంటారు. అంటుంటే పదాల వరుస గుర్తుండడం తగ్గిపోతుంది, క్లిష్టమైన వాక్యాల అర్థం జారిపోతుంది. మీ సార్ చెప్పింది ఇంచుమించు అదే. పేజీలు అయిపోయి ఏమీ మిగలకపోవడం మీ లోపం కాదు. ఆ పద్ధతితో చాలామందికి అలాగే జరుగుతుంది.

తెలుగులో చదివేవాళ్లకు ఇది ఇంకాస్త ఎక్కువ నష్టం అని నా అభిప్రాయం. మన వాక్యంలో క్రియ చివరికి వస్తుంది. రాజ్యాంగం గురించి రాసిన వాక్యం నాలుగు లైన్లు నడిచి, రాష్ట్రపతి, గవర్నర్, పార్లమెంటు, రెండు నెలలు, ఉభయ సభలు అన్నీ వచ్చాక, చివరి మాటలో గానీ "ఆమోదించాలి"నా "ఆమోదించనవసరం లేదు"నా తెలియదు. మొదట్లో చెప్పినవాటిని అక్కడిదాకా మోసుకొచ్చేది లోపలి గొంతే. దాన్ని ఆపేసి చదివితే చివరి మాట దొరుకుతుంది, అది దేని గురించో పోతుంది.

నిమిషానికి ఆరు వందల పదాల మాట కొత్తది కాదు. అమెరికాలో ఎవెలిన్ వుడ్ 1959లో వేగ పఠనం కోర్సులు మొదలుపెట్టినప్పటి నుంచీ లోపలి గొంతే చదువుకు శత్రువని చెప్పే బోధన ఒకటి నడుస్తూనే ఉంది. చదివేటప్పుడు కళ్లు ఎలా కదులుతాయన్నది జీవితమంతా పరిశోధించిన కీత్ రేనర్, సహచరులతో కలిసి రాసిన సమీక్ష 2016లో అచ్చయింది. వేగం పెంచితే అవగాహన తగ్గక తప్పదని, లోపలి మాటను అణిచివేయడం అర్థం చేసుకోవడానికి అడ్డు అని అందులో తేల్చారు. ఇంగ్లిష్‌లో మామూలు చదువరి వేగం ఎంత అన్నదాని మీద 2019లో మార్క్ బ్రిస్‌బార్ట్ అనే పరిశోధకుడు పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కగడితే, కథేతర రచనలకు నిమిషానికి 238 పదాలు వచ్చింది. ఈ అంకెను కూడా తెలుగుకు అలాగే అంటించకూడదు. "చేయాల్సివచ్చినప్పటికీ" లాంటిది మనకు ఒకే పదం కింద లెక్క. పదాలు లెక్కపెట్టి మనల్ని మనం తక్కువ చేసుకోవడంలో అర్థం లేదు.

లోపలి గొంతు ఉంటే పైకి చదివే వేగాన్ని దాటలేమన్న మాటా సరైంది కాదు. లోపల పలికేది పూర్తి మాట కాదు. చిన్న మాటలు మింగేస్తూ, తెలిసినవి తేలికగా దాటేస్తూ పోతుంది. అందుకే మీరు పైకి చదివేదానికన్నా మనసులో చదివేది ఇప్పుడే వేగంగా ఉంటుంది. గడియారం పెట్టుకుని ఒక పేజీ చూడండి.

మీ పరీక్షనే లెక్కలోకి తీసుకుందాం. ఒక్కో పేపర్‌కు 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. ప్రశ్నకు నిమిషం. పాత ప్రశ్నపత్రం ఒకటి తీసి, జవాబు పెట్టకుండా ఇరవై ప్రశ్నలు ఆప్షన్లతో సహా మీ మామూలు పద్ధతిలో చదవడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. తర్వాత జవాబులు పెడుతూ ఎంత పడుతుందో చూడండి. జతపరచండి లాంటి పొడుగు ప్రశ్నలు తప్పిస్తే ఎక్కువ సమయం చదవడానికి పోవడం లేదని, గుర్తు తెచ్చుకోవడానికి, రెండు ఆప్షన్ల మధ్య ఊగడానికి పోతోందని మీకే తెలుస్తుందనుకుంటున్నాను. అదే తేలితే, టైమ్ మిగలాలంటే విషయం గట్టిగా రావాలి. గొంతుతో దానికి పేచీ లేదు. పైగా "కింది వాటిలో సరికానిది ఏది" అన్నచోట "కాని"ని మింగేసి మార్కు పోగొట్టుకునేది పరుగెత్తి చదివేవాళ్లే.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

సార్ చెప్పినట్టే కొనసాగించడం ఒకటి. కొన్నాళ్లకు అలవాటై ఫలిస్తుందని ఆయన అంటారు. రెండు నెలల మాక్ టెస్టులు మీకు జవాబు చెప్పేశాయి. నేనైతే ఇది వదిలేయమంటాను.

గొంతును దాని మానాన వదిలేసి పాత పద్ధతికి పోవడం రెండోది. మార్కులు మళ్లీ పెరిగే అవకాశం ఎక్కువ. కానీ ఇందులో ఒక ఇబ్బంది ఉంది, అది మీరే రాశారు. కొన్ని రాత్రులు అలసిపోయి ఉన్నప్పుడు ఆ గొంతు వెంట అరుగు, నాయనమ్మ, ఆ పొద్దుటి టీ అన్నీ వచ్చేస్తాయని, అరగంట గడిచాక చూస్తే అదే పేజీ తెరిచి ఉంటుందని. ఏడుపు వచ్చిన రాత్రి చదువు సాగదు. దానికి తప్పుపట్టాల్సింది లేదు గానీ, పరీక్ష దగ్గరపడినప్పుడు అది రోజూ జరిగితే కష్టం.

మూడోది, ఏ చదువుకు ఏ పద్ధతో మీరే ఎంచుకోవడం. కరెంట్ అఫైర్స్ లాంటివాటిలో ముందు హెడ్డింగులు, పేర్లు, అంకెలు చూపుతో ఏరుకోండి. అక్కడ గొంతు దానంతటదే సన్నబడుతుంది, బలవంతం అక్కర్లేదు. పాలిటీ, ఎకానమీలో కొత్త అధ్యాయమైతే గొంతుతోనే, తాపీగా. చదివాక పుస్తకం మూసి, గుర్తున్నది మీ సొంత మాటల్లో పైకి చెప్పండి. పాప ఆడుకుంటూ ఉన్నా పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు 2006లో చేసిన ప్రయోగాల్లో, మళ్లీ మళ్లీ చదివినవాళ్లకంటే పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్నవాళ్లకు వారం తర్వాత ఎక్కువ మిగిలింది. చదివిన వెంటనే పరీక్ష పెడితే మాత్రం మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. అందుకే ఈ పద్ధతి మొదట్లో నిరుత్సాహపెడుతుంది. రెండు వారాలు ఓపిక పట్టండి.

పైకి చెప్పడం వల్ల ఇంకొకటి కూడా జరగొచ్చు. మీ సొంత గొంతు మీకు అలవాటవుతుంది. రాత్రి చదువు మొదలుపెట్టేటప్పుడు మొదటి పేరా మీ గొంతుతో పైకి చదివి, అదే ఊపులో మనసులోకి దించి చూడండి. కొంతసేపు మీ గొంతే నడుస్తుంది. బాపు గొంతు మళ్లీ వస్తే రానివ్వండి. అలసిన రాత్రుల కోసం ఇది చేతిలో ఉంచుకోండి, రోజూ చేయాలని లేదు.

మీ గొంతుతో చదివిన రాత్రి బాపును పంపించేసినట్టు అవుతుందా అని మీరు అడగకుండానే అడిగారు. ఆయన నాయనమ్మకు పేపర్ చదివింది ఆమెకు విషయం తెలియాలని. మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివింది మీకు చదువు రావాలని. మీరు ఏ గొంతుతో చదివినా ఆ అరుగు మీద నేర్చుకున్న చదువే చదువుతున్నారు. ఈ విషయంలో మీరు ఆయనకు చేస్తున్న అన్యాయం నాకైతే ఎక్కడా కనిపించలేదు.

మీ ఆయనకు చెప్పాలా అన్నది మీ ఇష్టం. చెప్పకపోతే ఈ భయాన్ని ఒక్కరే మోయాలి, అది ఇప్పటికే మీ రాత్రులు తినేస్తోంది. చెబితే మొదట ఆయన తేలిగ్గా కొట్టిపారేయొచ్చు, లేదా మీ బాబాయి కొడుకు సంగతి గుర్తొచ్చి కంగారుపడొచ్చు. అందుకే "నాకు గొంతులు వినిపిస్తున్నాయి" అని మొదలుపెట్టకండి. "నువ్వు మీ అమ్మ మెసేజ్ చదివితే ఆమె గొంతే వినిపిస్తుందా?" అని అడగండి. వినిపిస్తుందంటే ఆయనకు సగం అర్థమైనట్టే. లేదన్నా నష్టం లేదు, మీ స్నేహితురాలి లాంటి మనిషి ఇంకొకరు దొరికారు. అమ్మకు చెప్పడం మాత్రం కాస్త ఆలోచించండి. ఆమెకూ బాపు పోయింది మూడేళ్ల కిందటే. ఆనందపడొచ్చు, దిష్టి అనో గాలి అనో ఎవరి దగ్గరికైనా తీసుకుపోతాననొచ్చు. మీ అమ్మ సంగతి మీకే బాగా తెలుసు.

సార్‌తో వాదన పెట్టుకోనక్కర్లేదు. క్లాసు మిగతా విషయాలకు పనికొస్తుంటే వెళ్లండి, ఈ ఒక్క సలహా పక్కన పెట్టండి. మీతోపాటు చేయెత్తినవాళ్లలో ఇదే బాధ పడుతున్నవాళ్లు ఉంటే, వాళ్లతో మీ మాక్ టెస్ట్ మార్కుల సంగతి చెప్పండి.

చివరగా, బాపు గొంతు ఎక్కడా రికార్డు లేదని, కొన్నాళ్లకు లోపలి గొంతు కూడా మాసిపోతుందేమోనని రాశారు. ఏళ్లు గడిచేకొద్దీ జ్ఞాపకం మారుతుంది, అది మారదని నేను హామీ ఇవ్వలేను. కానీ రికార్డు లేదనుకోవడానికి ముందు మీ పెళ్లి వీడియో ఒకసారి గుర్తు చేసుకోండి. అప్పగింతల దగ్గరో, భోజనాల దగ్గరో ఆయన మాట పడి ఉండొచ్చు. అన్నయ్యల పాత ఫోన్లలో వాయిస్ మెసేజ్‌లు ఉన్నాయేమో అడగండి, ఫోన్లు మార్చేసేలోపే అడగండి. దొరికితే కాపీ చేసి దాచిపెట్టండి. వినడం మాత్రం పరీక్ష అయ్యాకే వినండి, ఒక్కరే కాకుండా అమ్మతోనో అన్నయ్యతోనో కలిసి.